గెట్టు మరిచిన పోర్టల్

దౌల్తాబాద్ మండలంలో అరగుంట తేడా వచ్చినా గెట్టు పంచాయితీ పెట్టనివాడు రైతే కాడు. హద్దురాయి ఎక్కడుండేదో, ఏ ఏడు ఎవరు జరిపారో ఊరందరికీ నోటి లెక్కే. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఈ పంచాయితీకే స్కోపింగ్ అని పేరు. యాప్ ఎక్కడిదాకా, ఏ పట్టిక ఎవరిది, తప్పు పడితే దిద్దేదెవరు అన్నవి కోడ్ రాయకముందే తేలాలంటూ స్లైడ్ల మీద స్లైడ్లు వేస్తారు. సర్వీస్‌నౌ లాంటి వేదిక మీద కట్టే స్కోప్డ్ యాప్‌కు సొంత పేరుముద్ర ఉంటుంది. అనుమతి లేనిదే పక్క యాప్ దాని పట్టికలో వేలు పెట్టలేదు. గెట్టురాయే, కాకపోతే టై కట్టుకుంది.

ఈ శాస్త్రం సర్కారు గడప తొక్కగానే వరస మారుతుంది. ముందు ప్రారంభోత్సవం, తీరిక దొరికితే స్కోపు.

2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భూరికార్డుల పోర్టల్ ధరణిని ప్రారంభించారు. స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే తహసీల్దార్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అక్కడికక్కడే మ్యుటేషన్. తగాదా లేని భూమికి ఇది మేలే, కాదనలేం. అయితే తగాదా లేని భూమికి పోర్టలెందుకు, రెండొందల పేజీల నోటుబుక్కు చాలదా?

చిక్కున్న భూములు 2017 నాటి రికార్డుల ప్రక్షాళనలోనే పార్ట్-బి గంపలో పడిపోయాయి. పహాణీలోని అనుభవదారు కాలమ్ ధరణిలో కనబడకుండా పోయింది. వీఆర్వోలు రద్దయ్యారు. తహసీల్దార్‌కు రిజిస్టర్ చేసే బటన్ ఇచ్చారు గానీ దిద్దే బటన్ ఇవ్వలేదు. పాస్‌బుక్‌లో పేరు తప్పు పడినా ఫైలు కలెక్టర్ దాకా ఎక్కాల్సి వచ్చేది. అడిగినప్పుడల్లా ఒక మాడ్యూల్ అతికిస్తూ పోయి, లెక్క 33కు చేర్చారు. భూమి కష్టం చెప్పుకోవడానికి వచ్చిన రైతు తన కష్టం నంబరు కూడా తెలుసుకుని రావాల్సి వచ్చేది: టీఎం 33 అని మీసేవలో చెప్పగలిగినవాడు సగం గెలిచినట్టే ఉండేది.

సాదాబైనామాల కథ ఇంకా కమ్మనిది. తెల్లకాగితం మీద కొన్న భూముల క్రమబద్ధీకరణకు 1971 చట్టంలో 5-ఏ సెక్షన్ ఉండేది. 2020లో ఆ చట్టాన్నే రద్దు చేశారు, కొత్త చట్టంలో ఆ సెక్షన్‌కు చోటివ్వలేదు. అదే సమయంలో దరఖాస్తులకు మాత్రం తలుపులు బార్లా తెరిచారు. సుమారు 9 లక్షలు వచ్చిపడ్డాయి. నవంబర్‌లో హైకోర్టు బ్రేకు వేసింది. పెట్టె ఉంది, తాళంచెవి చేయడమే మరిచారు. స్కోపింగ్ పాఠాలు చెప్పేవారు ఉదాహరణల కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 33 మాడ్యూళ్లు ఆరయ్యాయి, అనుభవదారు మళ్లీ గుర్తొచ్చాడు. ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో మద్దూరు ఒకటి. ఒకప్పుడు దౌల్తాబాద్‌తో పాటే మహబూబ్‌నగర్ జిల్లా; ఇప్పుడు దౌల్తాబాద్ వికారాబాద్‌లో, మద్దూరు నారాయణపేటలో. జిల్లాల గెట్టు మారినా రెండూ కొడంగల్ నియోజకవర్గంలోనే ఉన్నాయి. మద్దూరు రెవెన్యూ సదస్సుల్లో అధికారులు ఊళ్లలోకే వచ్చి కూర్చుని, మీ భూమి సమస్య ఏమిటని అడిగి కాగితం ఫారాల మీద రాయించుకున్నారు. ధరణికి మొదటి లైను కోడ్ రాయకముందు అడగాల్సిన ప్రశ్న అది. ఆ ప్రశ్న మద్దూరు చేరేసరికి నాలుగున్నరేళ్లు పట్టింది.