మంచుమనిషి మఫ్లర్: టీకా తాత్పర్య సహితం

అవతారిక: వ్యాఖ్యేయం 26 నిమిషాల బ్రిటిష్ యానిమేషన్ చిత్రం 'ది స్నోమ్యాన్'. దర్శకురాలు డయాన్ జాక్సన్. పుట్టి రెండు నెలలైనా నిండని ఛానల్ 4లో 1982 డిసెంబరు 26న తొలిసారి ప్రసారమైంది. ఇందులో పాత్రలు మాట్లాడవు. ఉన్నవల్లా పీఠికలో నాలుగు ముక్కలు, నడుమ ఒక పాట. మాటే లేనిదానికి ప్రతిపదార్థం ఏమిటని తొందరపడరాదు, వస్తువులకు చెప్పుకోవచ్చు. బొగ్గుముక్కలు = కన్నులు; నారింజ = ముక్కు; జేమ్స్ = మంచుతో ఆ మనిషిని చేసిన కుర్రవాడు; నీలి మఫ్లర్ = ఉత్తరధ్రువాన క్రిస్మస్ తాత జేమ్స్‌కు ఇచ్చిన కానుక. టీకాకారుడు కుదురుగా కూర్చోవలసింది ఈ చివరిదాని దగ్గరే.

చిన్నతనంలో చూసినవారికి గుర్తుండేది రాత్రి ప్రాణం పోసుకున్న మంచుమనిషితో జేమ్స్ చేసిన ఆకాశయానం: కింద బ్రైటన్ రాజభవనం గుమ్మటాలు, పైన హావర్డ్ బ్లేక్ బాణీ, పీటర్ ఆటీ అనే బాలగాయకుడి గొంతు. ఆ గొంతును ఎలెడ్ జోన్స్‌దని చెప్పేవారున్నారు. జోన్స్ రికార్డు 1985 నాటిది కనుక అది అపపాఠం. పెద్దయ్యాక మళ్ళీ చూసేవారి కన్ను మాత్రం మఫ్లర్ మీద నిలవాలి. తెల్లవారి జేమ్స్ బయటికి పరుగెత్తేసరికి మిగిలినవి మంచుకుప్ప, టోపీ, నారింజ. గౌను జేబులో చెయ్యి పెడితే మఫ్లర్ తగిలింది. దీన్ని ఊరడింపు అనుకోవడం సులువు: జరిగిందంతా నిజమే, గుర్తు మిగిలింది, ఇక ఏడవకు అని. మా మతం వేరు. మఫ్లర్ లేకపోతే రాత్రి సంగతంతా కల అనుకునే వీలు ఆ పిల్లవాడికి ఉండేది. కలలో పోయినదాని కోసం ఎవరూ మధ్యాహ్నం దాకా ఏడవరు. జేబులో మఫ్లర్ తగిలాక ఆ దారి మూసుకుపోయింది. స్నేహితుడు నిజంగా ఉన్నాడు, కనుక నిజంగానే పోయాడు.

పూర్వపక్షం: చిత్రానికి మూలమైన, రేమండ్ బ్రిగ్స్ 1978లో వేసిన బొమ్మల పుస్తకంలో క్రిస్మస్ లేదు, తాత లేడు, ఈ కానుక మఫ్లర్ అసలే లేదు. ఇద్దరూ సముద్రతీరం దాకా ఎగిరి ఇంటికి వచ్చేస్తారు. ప్రక్షిప్తం మీద సిద్ధాంతం కట్టవచ్చునా? కట్టవచ్చు. పండగ సందడి కోసం చిత్రం తీసినవారు తాతను తెచ్చారు. అదైనా పరాయివాణ్ణి కాదు, బ్రిగ్స్ 1973లో గీసిన చిరచిరలాడే తాతనే. ఇంత చేర్చినా ముగింపును మాత్రం మార్చలేదు. అమెరికాలో 1969లో వచ్చిన 'ఫ్రాస్టీ ది స్నోమ్యాన్'లో గాజుగదిలో కరిగిన ఫ్రాస్టీని క్రిస్మస్ తాత వచ్చి లేపుతాడు. ఇక్కడా తాత ఉన్నాడు, తెల్లారి మాత్రం రాడు. ఉల్లాసం కోసం తెచ్చిన ఆయన చేతి కానుకే కడకు శోకాన్ని ఖాయం చేసింది. ప్రక్షిప్తం మూలానికి ఇంత విధేయంగా ఉండడం అరుదు.

మరొక ఆక్షేపం: పసివాళ్ళ చిత్రానికి ఇంత కరుణరసం అంటగట్టడం పనిలేని పండితుల పని. పండితులకు పనిలేదన్న మాట ఒప్పుకుంటాం; మిగతాది ఒప్పుకోం. మంచుమనిషి ఇంట్లో అడుగుపెట్టాక చేసే చేష్టలు చూడండి. నిప్పు దగ్గర జంకుతాడు, ఫ్రీజర్ చల్లదనానికి మురిసిపోతాడు. పిల్లలు నవ్వే ఈ చోట్లన్నీ అతడు కరిగేవాడన్న సంగతినే ముందుగా చెప్పి ఉంచుతున్నాయి. తరవాత చేరిన పీఠికలో గాయకుడు డేవిడ్ బోవీ పెద్దయిన జేమ్స్‌గా అటక మీద కనిపించి, సొరుగులోంచి తీసేది ఆ మఫ్లర్‌నే. పెరిగి పెద్దయినా పారేయలేదన్నమాట.

2012లో వచ్చిన 'ది స్నోమ్యాన్ అండ్ ది స్నోడాగ్'ను చూపి, మంచుమనిషి తిరిగివచ్చాడు కదా అని వాదించేవారు చివరిదాకా చూడవలెను. అందులో కుక్క బతుకుతుంది. మంచుమనిషి మళ్ళీ కరిగిపోతాడు.