సీనరీ ఊరికే వస్తాదా సార్!

సూళ్లూరుపేటలో అద్దిల్లు వెతికేవాణ్ణి ఓనర్లు ముందు పేరడగరు. "షార్‌లోనా?" అని అడుగుతారు, అంటే రాకెట్ కేంద్రంలో ఉద్యోగమా అని. అవునంటే కుర్చీ వేస్తారు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో అంటే మంచినీళ్లిస్తారు. రెండూ కాదంటే నిలబెట్టే అడ్వాన్సు ఎంతో చెబుతారు. మద్రాసు పక్కనే కదా, అడ్వాన్సు అక్కడి లెక్క, వసతులు ఇక్కడి లెక్క.

నేను రెండూ కాదు. అయినా మా ఓనరు దయగల మనిషి, నేరుగా మేడమీదికి తీసుకెళ్లాడు. "అట్టా తూర్పుగా చూడండి సార్, పులికాట్! దేశంలో చిలికా తర్వాత ఉప్పునీటి సరస్సంటే ఇదే. దాని అవతల శ్రీహరికోట. మంగళ్‌యాన్ ఇక్కడ నిలబడే చూశా" అన్నాడు. నాకు కనిపించింది పక్కింటి వాటర్ ట్యాంకు, దాని వెనక సన్నగా ఓ మెరుపు గీత.

"వంటిల్లు ఎక్కడండీ?" అన్నాను.

"దాందేముంది సార్, ఎక్కడికి పోతాది!"

దిగి చూస్తే నిజమే, ఎక్కడికీ పోలేదు. గ్యాస్ బండ లోపలుంటే మనిషి బయటుండాలి, అంతే.

చేరాక తెలిసింది, బోరు నీళ్లు ఉప్పు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కుళాయి మూతికి తెల్లగా పొలుసు కట్టేస్తుంది. సరస్సు పక్కన కాపురం పెట్టి క్యాన్ల నీళ్లు కొనుక్కోవడమేమిటని అడిగితే, "సీనరీ ఊరికే వస్తాదా సార్!" అన్నాడు.

ఆ సీనరీ కూడా ఏడాది పొడుగునా ఉండదు. ఎండాకాలానికి షార్ రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు పోయి బురద బీటలు వారుతుంది. చలికాలమంతా ముక్కు తలకిందులుగా ముంచి నీళ్లలోంచి తిండి వడగట్టుకున్న ఫ్లెమింగోలు ఎప్పుడో ఖాళీ చేసి పోతాయి. వాటికి నెల ముందు చెప్పే పని లేదు, సున్నం ఖర్చని అడ్వాన్సులో కోతా లేదు. "సరస్సు ఎండింది కదా, అద్దె తగ్గించండి" అన్నాను. "ఫ్లెమింగో పండగప్పుడు నేనేమన్నా పెంచానా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక రాకెట్లు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 అనగానే మా ఆవిడ తరఫు చుట్టాలు ముందురోజే దిగారు. మేడమీద చాపలేసుకుని దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం. ఇంకా 56 నిమిషాలుందనగా, ఏదో సాంకేతిక లోపమని ఆపేశారు. తర్వాత మళ్లీ 22న అన్నారు. "వారమేగా బావా, పోయి రావడమెందుకు?" అన్నాడు మా బావమరిది చాప మడుస్తూ. ఇస్రోవాళ్లు రాకెట్టునైతే ఆపగలరు గానీ చుట్టాలను పంపలేరు కదా! ఆ వారం నీళ్ల క్యాన్ల కుర్రాడు నాకు సొంత తమ్ముడైపోయాడు.

22 మధ్యాహ్నం రాకెట్టు లేచింది. ముందు వెలుగు, చాలాసేపటికి ఉరుము. కిటికీ రెక్కలు గడగడలాడాయి. అందరి కళ్లలో నీళ్లు. నా కళ్లలోనూ వచ్చాయి, సాయంత్రం రైలుకు టికెట్లున్నాయని బావమరిది చెప్పాక. ఓనరు మాత్రం గోడలు తడిమి చూసుకుంటూ, "పెచ్చులేమన్నా రాలితే మీ లెక్కే సార్" అన్నాడు.

ఊళ్లో చెంగాళమ్మ గుడికి రాత్రింబవళ్లు తలుపులు మూయరు. మా గేటుకు మాత్రం పదింటికల్లా తాళం. అమ్మవారికి అద్దెకున్నవాళ్లు లేరు కాబట్టి సరిపోయిందంటాడు ఓనరు.

ఓసారి నేలపట్టు చూసొచ్చి ఆయనకు చెప్పాను. అక్కడి చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి బలమని ఊరివాళ్లు వాటిని కంటికి రెప్పలా చూసుకుంటారు. అడ్వాన్సు లేదు, అద్దె లేదు, పైగా మర్యాద. "చూశారా, అద్దెకున్నవాళ్లను అట్టా చూసుకోవాలి" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "నిజమే సార్. కానీ అవి ఏనాడన్నా మోటారు వెయ్యమని అడిగాయా?"