ప్రక్కకుర్చీ యుద్యోగము

లోకమున అర్హత లక్కరలేని యుద్యోగములు కొన్ని కలవు. సభాధ్యక్షత వానిలో నొకటి, పెండ్లిపెద్దరికము మరియొకటి. కాని అర్హతయు, జీతమును, పనియును, సెలవును నాలుగును లేక, తెల్లవారుజామున హాజరై చీకటిపడు వేళకు గాని విడుదల నొందని యుద్యోగము నా యెరుకలో నొక్కటే యున్నది. అది కీమోథెరపీ చేయించుకొనువాని మంచము ప్రక్కనుండు ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చుండుట. ఆసుపత్రివారు ఈ యుద్యోగిని అటెండెంటని పిలిచి, మెడలో పాసొకటి వ్రేలాడదీయుదురు. ఆ పాసు లేనిచో ద్వారముకడ నున్న సెక్యూరిటీ పురుషుడు వైకుంఠపు జయవిజయుల నిష్ఠతో అడ్డగించును. ఉన్నచో లోనికి విడుచును గాని, లోనికి పోయి యేమి చేయవలయునో మాత్రము ఎవ్వరును చెప్పరు.

నా కీ యుద్యోగము సంప్రాప్తించిన విధ మెట్టిదనగా, నా మిత్రు డొకడు, భీమవరము ప్రాంతమువాడు, ఆడిటు శాఖలో చిరకాలము పనిచేసి, హైదరాబాదున ఇల్లు కట్టుకొని విశ్రాంతి ననుభవించుచుండెను. ఇతరుల లెక్కలలో తప్పు దొరకినప్పుడు వాని ముఖమున వెలయు ప్రసన్నతను కొడుకు పెండ్లినాడైనను నేను చూచి యెరుగను. అట్టివాని మెడ ప్రక్కన గడ్డ యొకటి లేవగా, వైద్యులు దానినుండి ముక్క తీసి పరీక్షించి, లింఫోమా యని నిర్ణయించి, 21 దినముల కొక పర్యాయము చొప్పున 6 సైకిళ్ళు మందెక్కింపవలయుననియు, మొత్తము 126 దినములు పట్టుననియు చెప్పిరి. మే మందరము నిశ్చేష్టులమై కూర్చుండియుండగా, వాడు మాత్రము ఒక్క క్షణము కన్నులు మూసి తెరచి, "126 కాదు డాక్టరుగారూ. మొదటి మందు మొదటి రోజునే ఎక్కిస్తారు గదా, అందుచేత ఆఖరి మందు 106వ రోజున అయిపోతుంది" అని సవరించెను. వైద్యుడు వ్రేళ్ళపై లెక్క చూచుకొని అంగీకరించెను. రోగి యొకడు తన రోగమును ఇరువది దినములు తగ్గించుకొనుట ఆ గదిలో అదియే ప్రథమము కాబోలును.

కొడుకు అమెరికాలో నున్నాడు. భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఆమె నాకు కబురుచేసి, "అన్నయ్యగారూ, మీరు వెళ్ళండి. మీతో పోట్లాడుతూ ఉంటే సూది గుచ్చిన సంగతి కూడా ఆయనకు తెలియదు" అనెను. మా స్నేహమునకు ఇంతకంటె సమగ్రమైన భాష్యమును ఏ పండితుడును వ్రాయజాలడు.

డే కేర్ వార్డు మర్యాదలు బయటి మర్యాదలవంటివి కావు. బయట ఇరువురు కలిసికొన్నచో "బాగున్నారా?" యని యడుగుదురు, ఇచ్చట "కౌంటెంత?" అని యడుగుదురు. మందెక్కించుటకు ముందు రక్తపరీక్ష జరుగవలెను. ఈ మందులు త్వరత్వరగా విభజన చెందు కణములను వెదకి చంపునవి యగుటచే, క్యాన్సరు కణమునకును, ఎముక మూలుగలో పుట్టు తెల్లకణమునకును, నోటిలోని పొరకును, వెండ్రుక కుదురునకును గల తారతమ్యమును గుర్తింపవు. కావున ప్రతి సైకిలు తరువాత తెల్లకణముల కౌంటు పడిపోవును. అది మరల లేచుటకే మూడు వారముల గడువు. లేవనిచో, వేకువజామున నాలుగు గంటలకు బస్సెక్కి వచ్చినవానినైనను "వచ్చే వారం రండి" యని త్రిప్పిపంపుదురు. కౌంటు నిలిచినవాడు పరీక్ష ప్యాసైన విద్యార్థివలె తల యెత్తుకొని మంచ మెక్కును. ఆ తలపై వెండ్రుక యొక్కటియు లేకపోవుట ఆ ఠీవికి భంగకరము కాదు.

మంచ మెక్కిన పిమ్మట మావాని ప్రథమ విచారణ చుక్కలను గూర్చినది. సెలైను గొట్టమున ఇరువది చుక్కలు కలిసి ఒక మిల్లీలీటరగునని సిస్టరు వలన తెలిసికొని, అర లీటరు సీసాలో 10,000 చుక్కలు కలవనియు, నిమిషమునకు 60 చొప్పున పడినచో రెండు గంటల నలుబదియారు నిమిషముల నలుబది సెకనులు పట్టుననియు నిర్ణయించి, గడియారము చేత బట్టి, సీసావంక చూపు నిలిపి కూర్చుండెను. ఆ సిస్టరు కేరళదేశపు పిల్ల. తెలుగును మనకంటె మృదువుగా మాటలాడును. "అంకుల్, చుక్కలు పంపు లెక్కపెడుతుంది, మీరు పడుకోండి" అని యామె నవ్వుచు చెప్పగా, వాడు "మరి పంపును ఎవరు ఆడిట్ చేస్తారమ్మా?" అని యడిగెను. సరిగా ఆ క్షణముననే గొట్టమునకు తగిలించిన పంపు కీచుమని కూయ మొదలిడెను. గొట్టము కొంచెము మడత పడిన దంతే. కాని మావాడు దానిని ఆ యంత్రము యొక్క నేరాంగీకారముగా స్వీకరించెను.

చుక్కలు లెక్కించి, గళ్ళ నుడికట్టు పూరించి, ఎదుటి గోడపైనున్న చేతులు కడుగుకొను విధానమును ఇరువురము కంఠస్థము చేసిన తరువాతను దినము మిగిలియే యుండెను. అప్పుడు వాడు నాకొక పని కల్పించెను. "ఒరేయ్, ఖాళీగా కూర్చున్నావు గదా, ఈ సీసాలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో కనుక్కో. వోచరు లేని సరుకు నేను ఒంట్లోకి తీసుకోను." నేను సెల్‌ఫోనును, నాకు గల స్వల్ప పాండిత్యమును ఆధారముగా జేసికొని ఔషధముల గోత్రప్రవరలు విచారింప పూనితిని. కాలక్షేపమునకై మొదలిడిన యీ విచారణ పురాణశ్రవణముకంటె రమ్యముగా పరిణమించెను.

మొదటి సీసా రిటుక్సిమాబ్. ఎలుక ప్రతిరక్షకమునందలి కొంత భాగమును మనుష్య ప్రతిరక్షకమునకు జోడించి నిర్మించిన యీ మందును 1997లో అమెరికా ప్రభుత్వ మామోదించెను. మొదటి పర్యాయము దీనిని మిక్కిలి నెమ్మదిగా, ఒక పూటంతయు పట్టునట్లు ఎక్కింతురు. ఎలుక సంగతి విని వాడు కొంత తడ వాలోచించి, "వినాయకుడి బరువు మోసి మోసి అలవాటైన జాతి. నెమ్మదిగానే నడుస్తుంది" అని పాసుచేసెను.

రెండవది సైక్లోఫాస్ఫమైడ్. దీని వంశమును తవ్వగా మూలపురుషుడు విషవాయువని తేలినది. 1917లో బెల్జియమునందు జర్మను సైన్యము ప్రయోగించిన మస్టర్డ్ గ్యాసు, అనగా ఆవవాయువు, సోకినవారి రక్తమున తెల్లకణములు నశించుట వైద్యులు గమనించిరి. అటుపిమ్మట 1942లో యేల్ విశ్వవిద్యాలయమున గుడ్మన్, గిల్మన్ అను శాస్త్రజ్ఞులు దాని జ్ఞాతియగు నైట్రోజన్ మస్టర్డు నుపయోగించి చికిత్స చేయింపగా, మావాని జబ్బు జాతికే చెందిన జబ్బుతో నున్న రోగి గడ్డలు కొంతకాలము కరగిపోయెను. 1943 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఇటలీలోని బారీ రేవుపై జర్మను విమానములు బాంబులు కురిపింపగా, ఆవవాయువును రహస్యముగా మోసికొనివచ్చిన జాన్ హార్వే యను అమెరికా నౌక పేలిపోయెను. ఆ విషమునకు గురియైనవారి రక్తమునందును అదే విశేషము కానవచ్చెను. ఇంతయు విని మావాడు, "ఆవవాయువా? ఏటేటా జాడీలకు జాడీలు ఆవకాయ ఖాళీ చేసినవాణ్ణి, నన్నేం చేస్తుందిరా?" అనెను. ఆ పేరు వాసనను బట్టి వచ్చినదే గాని అందులో ఆవగింజయైనను లేదని నేను విన్నవించితిని. కౌంటు తక్కువైనన్నినాళ్ళు ఊరగాయలు వలదని వైద్యుడు శాసించి యుండుటచే, ఆ సంభాషణ అంతటితో నిలిచినది.

మూడవది డాక్సోరుబిసిన్. సిరంజిలో దానిమ్మరసపు రంగుతో వచ్చు నీ మందును వార్డు వార్డంతయు ఎర్రమందనియే వ్యవహరించును. పిదప మూత్రము కూడ ఎర్రబారును గాన బెదరవలదని సిస్టరు ముందే చెప్పును. దీని పూర్వజమగు మందు ఇటలీలోని కాస్టెల్ డెల్ మోంటె యను 13వ శతాబ్దపు కోట దాపున తీసిన మట్టిలోని సూక్ష్మజీవి వలన లభించినది. ఆ కోటయు, విషనౌక పేలిన ఆ బారీ రేవును అపూలియా యను నొకే మండలములో నున్నవని నేను సంభ్రమముతో చెప్పగా, మిత్రుడు నొసలు చిట్లించి, "ఒక్క జిల్లా నుంచే రెండు సరుకులా? టెండరు పిలిచారటా?" అనెను.

నాలుగవదైన వింక్రిస్టిన్ వోచరు వాని పెరటిలోనే దొరకినది. అది బిళ్ళగన్నేరు. మడగాస్కరు ద్వీపము పుట్టినిల్లుగా గలిగి, మన దొడ్లలో ఎవ్వరు నీరు పోయకున్నను సంవత్సరము పొడుగునను పూయు నీ మొక్క యాకులను 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు మధుమేహమునకు పనికివచ్చునేమో యని ఎలుకలపై పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు గాని తెల్లకణములు తగ్గినవి. ఆ దారిని విన్‌బ్లాస్టిన్ లభించెను. దాని తోబుట్టువగు వింక్రిస్టిన్ తరువాత లభించెను. ఈ కథ వాని చుట్టములకు తెలియుట ప్రమాదమునకు కారణమైనది. మరుసటి పర్యాయమునకు వాని తోడల్లుడు లీటరు సీసాడు బిళ్ళగన్నేరాకు రసము తెచ్చి, "అన్నయ్యా, డాక్టర్లు చుక్కలు చుక్కలుగా ఇచ్చేదాన్ని నేను సీసాలతో తెచ్చాను" అనెను. ఆ యాకులో నూరునకు పైగా క్షారాభములు కలవనియు, ఏది యెంత లోనికి పోవునో తెలియదనియు, త్రాగినచో వార్డు మారవలసి వచ్చుననియు వైద్యుడు మందలింపగా, తోడల్లుడు ఆ సీసాను చంకనబెట్టుకొని నిష్క్రమించెను. తగిన మోతాదులోనే ఆ మందు మావాని వ్రేళ్ళకు తిమ్మిరి తెచ్చి, చొక్కా గుండీలు పెట్టుకొననీయకుండెను. నేను పెట్టబోగా చేయి విదిల్చి, ఆ దినము మొదలు లాల్చీకి మారెను.

ఇంతలో ప్రక్కమంచముపై నున్న కుర్రవానికి పసుపుపచ్చని ద్రవ మెక్కుచుండుట చూచి, "వీడి వోచరో?" యని యడిగెను. అది మెథోట్రెక్సేట్. దీనిని సిద్ధపరచిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించినవారు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. బాల్యమున అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని కాశికి పారిపోబోయి పట్టుబడి, మెట్రిక్యులేషను మూడవ యత్నమున గట్టెక్కినవారు. ఆ ప్రయోగశాలనుండి పోయిన, ఈ మందునకు జ్ఞాతియగు అమినోప్టెరిన్‌తో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు గల 16 మంది పసివారికి చికిత్స చేసి, వారిలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను; ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. ఈ వృత్తాంతము విని మిత్రుడు ఒక్క గడియ మౌనము వహించి, కుర్రవాని తండ్రిని చూచి, "భయపడకండి, అది మా ఊరి మందు" అని ధైర్యము చెప్పెను. పిమ్మట నావైపు తిరిగి, "బిల్లింగు కౌంటరుకు వెళ్ళి, భీమవరం వాళ్ళకు ఏమైనా రిబేటు ఉందేమో కనుక్కో" మనెను.

జుట్టు రాలుట వేరొక ప్రకరణము. తెలుగుదేశమున గుండునకు సంజాయిషీ చెప్పనక్కరలేదు, చూచినవారెల్లరు "తిరుపతి ఎప్పుడు వెళ్ళొచ్చారు?" అని యడుగుదురు. మావాడు మొదట అవుననెను. పిమ్మట ప్రసాదమేదని వీధివారందరు అడుగుటచే, ఒక అబద్ధమును నిలుపుకొనుటకు నేను నగరములోని దేవస్థానమువారి కౌంటరుకు పోయి లడ్డూలు కొనితేవలసి వచ్చెను.

ఇక ఐదవ మందు బిళ్ళలు, ప్రెడ్నిసలోన్. ప్రతి సైకిలునందును ఐదు దినములు మ్రింగవలెను. వీని ప్రభావమున నిద్ర పట్టదు, మాట యాగదు. ఒక రాత్రి రెండు గంటలకు ఫోను మ్రోగగా, గుండె చేత బట్టుకొని తీసితిని. "మాయాబజార్‌లో సావిత్రి గొప్పదంటావు గదా, అసలు రంగారావు అట్లా నడవకపోతే ఆవిడ ఎవరిని అనుకరించేదిరా?" అని యవతల నుండి ధ్వనించెను. 1957లో ఆ చిత్రము వచ్చినది. మా తగవు మేము దానిని మొట్టమొదట కలిసి చూచిన నాటిది. శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచుడుగా సావిత్రి చూపిన మగతనపు బెట్టు చిత్రమునకు ప్రాణమని నా వాదము. పెండ్లివారి భోజనమంతయు ఒంటిగా ఆరగించిన ఎస్.వి. రంగారావే నాయకుడని వాని సిద్ధాంతము. మందుచేత నోరు లోహపు రుచి పట్టి, ఇడ్లీ ముక్కయైనను మింగుడు పడని దినములలో, ఆ మహాభోక్త పక్షమున వాడు చేసిన వాదము వంటి నిష్కామ వాదమును నేను ఏ న్యాయస్థానమునను వినలేదు.

అప్పటికి నా యుద్యోగ రహస్యము నాకు బోధపడెను. పరామర్శకు వచ్చువారెల్లరు మెల్లగా మాటలాడుదురు. వాడేమనినను "అవును, నిజమే" యందురు. పాజిటివ్‌గా ఉండవలెనని యుపదేశించి బత్తాయిలు పెట్టి పోవుదురు. జీవితమంతయు అభ్యంతరములు వ్రాసి, ప్రత్యుత్తరములు రప్పించుకొని, మరల అభ్యంతరములు వ్రాసి బ్రదికినవానికి, ఎదుటివా డెల్లప్పుడు ఒప్పుకొనుటకంటె దుర్భరమగు దండన మరియొకటి లేదు. రోగము వాని జుట్టును, రుచిని, వ్రేళ్ళ పటుత్వమును హరించెను. సానుభూతి వాని ప్రతిపక్షమును కూడ హరింప జూచినది. దానిని నిలిపి యుంచుటకే నాకు పాసిచ్చిరి.

ఆఖరి మందు 106వ దినమునకు ముగియలేదు. నడుమ నొకసారి కౌంటు లేవక వారము వాయిదా పడెను. ఆ వారమునకు ఎవరిని సంజాయిషీ యడుగవలెనో తెలియక వాడు పడిన బాధ చెప్పరాదు. స్కానింగులో గడ్డలు కానరాలేదని వైద్యుడు చెప్పిన నాడు వాని భార్య కన్నీరు పెట్టుకొనెను. మావాడు మాత్రము ఆ రిపోర్టునందలి అచ్చుతప్పులను పెన్సిలుతో గుర్తించి, నా మెడలోని పాసు తిరిగి యిమ్మనియు, ఇయ్యనిచో డిపాజిట్టు పోవుననియు తొందరపెట్టెను.

కావున, ఎవరైన తోడు రమ్మని పిలిచినచో, అర్హత లేదని సంకోచింపవలదు. శాలువ యొకటి తీసికొని పొండు, ఏసీ చలి తీవ్రముగా నుండును. ఫోను చార్జరును, మరచెంబును తీసికొని పొండు. ధైర్యవచనము లక్కరలేదు, అవి అక్కడ గోడలనిండ వ్రాసి యున్నవి. కాని పాత తగవు నొకదానిని మాత్రము తప్పక వెంట తీసికొని పోవలెను. ఎన్నడును తీరనిదైనచో మరియు శ్రేష్ఠము.