పచ్చి కట్టె, కొత్త అల్లుడు

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఎవరు కట్టారోగానీ, వాళ్ళు జన్మలో పచ్చి సరుగుడు కట్టెలతో పొయ్యి రాజేసి ఉండరు. కోనసీమలో మా అత్తవారింటి పెరట్లో, నిప్పన్న మాటే లేకుండా, రామాలయం సందు దాకా కమ్మేసేంత పొగ పుట్టించిన ఘనుడు మా తోడల్లుడు. ఆవేళ భోగి. తెల్లవారుజామున వేసిన మంట ఆరిపోయి, ఎండెక్కాక మళ్ళీ ఈ పొగేమిటని ఎదురింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. కొత్తల్లుడుగారు పొయ్యి ముందు గొంతుకూర్చుని కళ్ళు తుడుచుకుంటుండటం కనిపించింది. మర్యాదస్తులు గనక, ఏమీ అడక్కుండా తలలు దించేసుకున్నారు.

ఆ ఇంట్లో గ్యాసు లేక కాదు. ఆ ఊళ్ళో కొందరికి 1999లో దీపం పథకం వచ్చినప్పుడే గ్యాసు వచ్చింది, ఇంకొందరికి 2016లో ఉజ్వల వచ్చాక వచ్చింది. అయినా కట్టెల పొయ్యి పోలేదు. వంటింట్లోంచి పెరట్లోకి మకాం మార్చింది, అంతే. కాఫీ, ఉప్మా లాంటి చిల్లర పనులు గ్యాసువి. కాగుడు వేణ్నీళ్ళు, బంధువులొస్తే నాటుకోడి, పండక్కి అరిసెల పాకం పొయ్యివి. ఇంతలో హైవే మీది హోటళ్ళు ‘కట్టెల పొయ్యి వంట’ అని బోర్డులు కట్టి ప్లేటుకు ఇంత అని ఎక్కువ గుంజడం మొదలెట్టాయి. పొయ్యి దగ్గర కూర్చుని వండే మనిషిని చూసి ఒకప్పుడు జాలిపడేవాళ్ళం, ఇప్పుడు పక్కన నిలబడి ఫొటో దిగుతున్నాం. మా తోడల్లుడు ఆ పొద్దున పొయ్యి దగ్గరికి వెళ్ళింది కూడా ఫొటో కోసమే. మంట వస్తే దిగుదామని.

మా అత్తగారిది పాత పద్ధతి. అల్లుళ్ళ ఎదుట కూర్చోరు, అల్లుళ్ళతో ముఖాముఖి మాట్లాడరు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే దగ్గర్లో ఉన్న వస్తువుకు చెబుతారు. నా పెళ్ళయిన కొత్తలో నా భోజనం సంగతులన్నీ ఆవిడ గుమ్మానికి చెప్పేవారు. ఆవేళ తలుపు చాటున నిలబడి కట్టెతో మాట్లాడారు.

“ఏమే, నిన్నగాక మొన్న నరికించుకుని వచ్చినదానివి, నీకేం తెలుసే మండటం? ఒళ్ళంతా నీళ్ళేనాయె. ఓ ఏడాది ఎండలో పడుంటేగదా బుద్ధొచ్చేది!”

మా తోడల్లుడు ఇదంతా కట్టెకేనని నమ్మాడు. పెళ్ళయ్యాక అది రెండో సంక్రాంతే పాపం. ఆ ఇంటి భాష పట్టుబడటానికి టైము పడుతుంది.

ఆవిడ అన్నది మాత్రం అక్షరాలా నిజం. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగానికి సగం నీళ్ళే ఉండొచ్చు. అంటే కిలో పచ్చి కట్టె పొయ్యిలో పెట్టామంటే, దాంతోపాటు అరలీటరు నీళ్ళు కూడా పొయ్యిలో పోశామన్నమాట. ముందు అవి ఆవిరైపోవాలి. ఆ అరలీటరును ఆవిరి చెయ్యడానికి అయ్యే వేడితో నాలుగు లీటర్ల నీళ్ళు సలసల మరగబెట్టుకోవచ్చు. మనం స్నానానికి నీళ్ళు కాద్దామని కూర్చుంటే, పొయ్యి మాత్రం ముందు కట్టెలో ఉన్న నీళ్ళు కాస్తూ కూర్చుంటుంది. ఇక పొగంటారా, అది మండకుండా తప్పించుకు పారిపోతున్న కట్టే. మంట బాగా వేడెక్కి ఉంటే ఆ పొగ కూడా అంటుకుని మండిపోతుంది. చల్లగా ఉంటే కళ్ళల్లోకీ, గోడల మీదికీ, ఎదురింట్లోకీ పోతుంది. డబ్బులిచ్చి కట్టెలు కొన్నది అందుకా?

అసలీ పచ్చి కట్టెలు ఎక్కణ్ణించి వచ్చాయని మీకు అనుమానం రావచ్చు. ఎండు కట్టెలున్న రేకుల పాక పొయ్యికి పదడుగుల దూరంలోనే ఉంది. మా వాడు ఊరికొస్తూ, దారిలో సరుగుడు తోట నరుకుతుంటే కారాపి, ‘ఫ్రెష్‌గా ఉన్నాయి’ అని డిక్కీ నిండా వేసుకొచ్చాడు. కూరగాయలు కొనే అలవాటు.

నా ఎరికలో పొయ్యి దగ్గరి మనుషులు రెండు వర్గాలు. ఊదేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు. ఊదేవాళ్ళకు పొయ్యి ముందు కూర్చున్నాకే పొయ్యి గుర్తొస్తుంది. ఎండబెట్టేవాళ్ళకు కిందటి వేసవిలోనే గుర్తొస్తుంది. మా అత్తగారు మాఘమాసం వెళ్ళేసరికి దుంగలు కొట్టించి, నిలువునా చీలికలు చేయించి, నేల తగలకుండా ఇటుకల మీద, ఒక వరస నిలువు ఒక వరస అడ్డం పేర్పిస్తారు. పైన రేకు, పక్కలు మాత్రం గాలికి వదిలేస్తారు. ఒక ఏడు వాన ముంచుకొస్తోందని మా మామగారు ఆ పేర్పు మొత్తానికి చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టారట. కట్టెలు ఎండటం మాట దేవుడెరుగు, పుట్టగొడుగులు మొలిచాయి. ఆ కూరని కూడా గ్యాసు మీదే వండాల్సి వచ్చిందని మా ఆవిడ చెబుతుంది. ఈ రెండో ముక్క నేను నమ్మను.

కట్టె ఎండిందో లేదో చూడటానికి ఆవిడ దగ్గర మీటర్లేం లేవు. రెండు చీలికలు చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఒకదాంతో ఒకటి తాటిస్తారు. ఎండినవైతే ఠంగుమంటాయి, పచ్చివైతే బద్దుమంటాయి. తర్వాత కొసలు చూస్తారు. ఎండిన కట్టె కొసన సన్నటి నెర్రెలు నడిమినుంచి అంచుకు పారి ఉంటాయి. బెరడు గోటితో గీకితే పెచ్చుగా లేచొస్తుంది. ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గితేనే పొయ్యి ప్రవేశం.

మంట రాకపోయేసరికి తోడల్లుడికి పెట్రోలు గుర్తొచ్చింది. రేషను కిరసనాయిలు దొరకడం మానేశాక మనవాళ్ళకు మిగిలిన దురాలోచన ఇది. “బండిలోంచి ఒక్క గ్లాసుడు తీద్దామా మామయ్యగారూ?” అన్నాడు. పెట్రోలు ఆవిరి మనం పుల్ల గీసేదాకా ఒకచోట కూర్చోదు, ముందే పొయ్యి చుట్టూ పాకేసి ఉంటుంది. గీసీ గియ్యగానే భగ్గుమని గీసినవాడి మీదికే వస్తుంది. రాజుకుంటున్న నిప్పుల మీద పోస్తే పుల్ల గీసే శ్రమ కూడా ఉండదు. మామగారు మారుమాట్లాడకుండా లేచి, మోటారు సైకిలు తాళం తీసి బొడ్లో దోపుకుని, మళ్ళీ వచ్చి పేపరు చదువుకోవడం మొదలుపెట్టారు.

ఇక మిగిలింది ఊదుగొట్టం. మూరెడుకు పైబడిన ఇనప గొట్టం, నిప్పు వైపు కొస నొక్కి సన్నం చేసి ఉంటుంది. పెదాలు ఆనే చోట తళతళలాడుతుంది, తక్కినదంతా మసి. దీంతో ఊదాలిగానీ పీల్చకూడదు. ఊపిరి తీసుకునేటప్పుడు నోరు పక్కకు తిప్పుకోవాలి. ఇది ఎవరూ చెప్పరు, చెప్పాల్సినంత విషయమని ఎవరికీ తోచదు కనక. మా వాడు పట్టుదలలో గొట్టం నోట్లో ఉంచుకునే గుండెల నిండా ఊపిరి పీల్చాడు. ఆ తర్వాత వచ్చిన దగ్గుకు పాక మీది పావురాళ్ళు లేచిపోయాయి. తలుపు చాటునుంచి వినిపించింది: “ఏమే గొట్టమా, ఎటు ఊదాలో నీకూ తెలీదటే?”

అల్లుడుగారు చన్నీళ్ళ స్నానానికి వెళ్ళాకగానీ అత్తగారు పొయ్యి దగ్గరికి రాలేదు. అది మర్యాద. వచ్చీ రాగానే అతను కుక్కిన దుంగలన్నీ పీకేశారు. నిండా కుక్కిన పొయ్యిలో గాలికి చోటెక్కడిది? అడుగున పేరుకున్న బూడిద చేటలోకి ఎత్తి, రెండు ఇటుక ముక్కల మీద పాత కిటికీ ఊచలు అడ్డంగా పరిచారు, కట్టెల కిందనుంచి గాలి ఆడటానికి. గుప్పెడు కొబ్బరి పీచు, మీద ఈనెలు, వాటి మీద వేలెడు లావు చితుకులు, పక్కన రెండు కొబ్బరి చిప్పలు. ఒక్క అగ్గిపుల్ల. చిప్పల్లో నూనె చిటపటమని అంటుకున్నాక, మూడు చీలికలు కొసలు మాత్రమే లోపల కలిసేలా పెట్టారు. కట్టె కొసనే మండాలట, నడుము మండితే దండగట. కాలినకొద్దీ లోపలికి జరపడం, చాలనుకుంటే వెనక్కి లాగడం, ఆవిడ గ్యాసు మర అదే. కాసేపటికి పొగ పోయి మంట మిగిలింది. ఊదుగొట్టం ముట్టుకోనేలేదు.

ఎసరు మరిగిందో లేదో, కట్టె వెనక్కి లాగి మూత పెట్టేశారు. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు దాటవు. ఇంకా మంట పెడితే పప్పు తొందరగా ఉడకదు, నీళ్ళు తొందరగా ఇగిరిపోతాయి. గిన్నె చుట్టూ ఎగిసే మంట ఫొటోకు బావుంటుందిగానీ కూరకు అందదు, పెరట్లో గాలికి అందుతుంది. ఆ కాస్త సెగను కూడా వదలకూడదనే పక్కన కోడిపొయ్యి. పెద్దపొయ్యిలో మిగిలిన సెగ సందులోంచి దూరి దానికిందికి పోతుంది. కోడిపొయ్యి ఖాళీగా ఉంటే అత్తగారికి మనసు ఊరుకోదు, ఏమీ లేకపోతే ఒక చెంబు నీళ్ళైనా పెడతారు.

ఈ కిటుకునే సాగదీసి, 1950లలో హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు ఒక మట్టిపొయ్యి తయారుచేశారు. ఒకే మంట వరసగా గిన్నెలన్నిటి కిందా పోయి, చివర పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ పరిశోధనశాల పేరు మీదే ‘హెర్ల్ చుల్హా’ అన్నారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం పొగరాని పొయ్యిలు ఊరూరా పెట్టించినప్పుడు మా అత్తవారింటికీ ఒకటి వచ్చింది. దాని గొట్టం ఇంటి కొప్పుకన్నా పైకి లేవాలి, లేకపోతే కొప్పు మీంచి దిగే గాలి పొగను వెనక్కి తోస్తుంది. ఇంత గొట్టం ఎందుకు, ఒక ముక్క చాలన్నారు మా మామగారు. పొగ గొట్టంలోంచి బయటికి వెళ్ళి, వీధి ఒకసారి చూసుకుని, కిటికీలోంచి మళ్ళీ ఇంట్లోకే వచ్చేది. మసి దులిపే దిక్కు లేక ఆ దారీ మూసుకుపోయింది. ప్రస్తుతం ఆ గొట్టం మల్లెపందిరికి రాటగా ఉంది, అందులో మాత్రం లోపం లేదు.

పొగ మీద నేను నవ్వుతున్నది పొయ్యి పెరట్లోకి వచ్చింది గనకే. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు ఇళ్ళల్లో కాల్చిన పొగవల్ల 2020లో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కిటికీ లేని వంటింట్లో ఒక జీవితం గడిపిన మా ఆవిడ నాయనమ్మగారు పొయ్యి వాసన తగిలితే ఇప్పటికీ లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోతారు. ఆవిడకు కట్టెల పొయ్యి రుచి గురించి చెప్పి చూడండి.

మామగారికి ఇంకో సరదా ఉంది. పనికిరాని చెక్క ఏది కనబడినా పొయ్యికి పంపిస్తారు. రంగులేసిన పాత తలుపు చెక్క, ప్లైవుడ్డు ముక్కలు, కొట్టేసిన గన్నేరు కొమ్మలు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ప్లైవుడ్డులో జిగురు ఉంటుంది, గన్నేరు నిలువెల్లా విషం. అత్తగారు ఇవేవీ చదవలేదు, “వాసన బాలేదు” అని తిప్పి పంపేస్తారు. పాల ప్యాకెట్లు వేసి పొయ్యి ముట్టించే పక్కింటి కోడలికీ ఇదే తీర్పు.

అరిసెలు వండేటప్పుడు మాత్రం పెరట్లో మార్షల్ లా. కొంగు నడుముకు దోపుకోనివాళ్ళకు, నైలాను చీరలవాళ్ళకు, పిల్లలకు పొయ్యి దగ్గర ప్రవేశం లేదు. ఒక పక్క బిందెతో నీళ్ళు, ఇంకో పక్క తట్టలో ఇసక. బిందె కట్టెల కోసం, నూనె కోసం కాదు. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. నీళ్ళు అడుక్కు దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను మనుషుల మీదికి చిమ్ముతాయి. కట్టె లాగేసి పైన మూత పడేయాలి. ఆ మూత కూడా ముందే తీసి దగ్గర పెట్టుకుంటారు. బూడిద మర్నాడుగానీ పెంటకుప్ప మీదికి పోదు, పక్కనే గడ్డివాము ఉంది కనక.

ఇన్ని కట్టుదిట్టాల మధ్య కూడా తోడల్లుడు వేడి మూత ఉత్త చేత్తో పట్టుకోగలిగాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు టూత్‌పేస్టు, పసుపు, సిరాబుడ్డితో సహా పరుగెత్తుకొచ్చారు. మా ఆవిడ ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా అతని చెయ్యి కుళాయి కింద పెట్టించి, 20 నిమిషాలు కదలొద్దంది. అంతసేపూ మామగారు మోటారు వైపు, కరెంటు మీటరు వైపు మార్చి మార్చి చూశారు.

పండగ వెళ్ళాక ప్రయాణమప్పుడు చూస్తే, కారు డిక్కీలో ఒక మట్టిపొయ్యి ఉంది. హైదరాబాదులో తొమ్మిదో అంతస్తు అతనిది, బాల్కనీకి అద్దాలు బిగించుకున్నాడు. ఆదివారాలు అక్కడ నాటుకోడి వండుకుంటాడట, మిగిలిన నిప్పులు హాల్లో పెట్టుకుని చలి కాచుకుంటాడట. పొగ కనీసం కళ్ళు మండించి మనల్ని బయటికి తరుముతుంది. మూసిన గదిలో నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తల నొప్పెట్టి, మగతగా ఉండి, ఇక లేవకపోవడమే. కుంపటి పెట్టుకుని తలుపులు బిడాయించి పడుకున్నవాళ్ళ వార్తలు చలికాలం పేపర్లలో చదువుతూనే ఉంటాం. నేను ఇదంతా చెప్పబోతుండగానే అత్తగారు మెట్లు దిగి వచ్చారు. అల్లుడుగారి వైపు చూడకుండా డిక్కీలోకి వంగి, పొయ్యిని నిలదీశారు.

“ఏమే, తొమ్మిదో మేడ మీదికి కాపరానికి పోతున్నావా? అక్కడ నీకు గాలెవరు పెడతారు? నీ పొగ ఎటు పోతుంది? నిప్పులు పక్కలో పెట్టుకుని తలుపులేసుకుంటారటే ఎవరన్నా? దిగు. దిగవే ముందు!”

దిగాల్సింది పొయ్యో తనో తేల్చుకోలేక, స్టీరింగు ముందు కూర్చున్న మా తోడల్లుడు కూడా దిగి నిలబడ్డాడు.