ఊదా రంగు ఇడ్లీ

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకు సెలవులు రాగానే ఇల్లు విడిచి రోడ్డు మీద బతకాలన్న కోరిక పుడుతుంది. లోపల పడకలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది ఉన్న పెద్ద బండిని అద్దెకు తీసుకుంటారు. క్యాంపర్ అంటారు దాన్ని. ఎల్లోస్టోన్ దాకా నడుపుకుంటూ పోయి, చెట్ల మధ్య ఆపి, బండి పక్కన చుట్టి ఉన్న గుడ్డ పందిరిని బయటికి లాగి, దాని కింద మడత కుర్చీలేసుకుని పచ్చిపులుసు కలుపుకుంటారు. ఈ భాగ్యం కోసం నెలల ముందే జాగా బుక్ చేసుకోవాలట.

హైదరాబాద్‌లో మా అశోక్ నగర్‌లో ఇదే పని రోజూ సాయంత్రం జరుగుతుంది, బుకింగ్ లేకుండా. ఐదు దాటగానే టాటా ఏస్‌లు, ఓమ్నీ వ్యాన్లు, తోపుడు బండ్లు ఎవరి చెట్టు కిందికి వాళ్లవి వచ్చేస్తాయి. రెండు ఇనప గొట్టాలు నిలబడతాయి, పైన పట్టా పడుతుంది, కింద పొయ్యి అంటుకుంటుంది. 2005లో టాటావాళ్లు ఏస్‌ను వదిలినప్పుడు చిన్నా చితకా సామాన్లు మోస్తే చాలనుకున్నారు కాబోలు. మా సందు మొగలో అది దోసెల పెనాన్ని, గ్యాసు సిలిండర్లను, గ్రైండరును, ఒక ఆలుమగల జంటను, వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ తెగని తగాదాను కలిపి మోస్తోంది.

పందిరి సంగతి కొంచెం చెప్పాలి. క్యాంపర్‌కు కంపెనీవాళ్లే చారల గుడ్డ బిగించి ఇస్తారు. మా దగ్గర మూడు జాతులు. నీలం బరకం చవక, కానీ దాని కింద కూర్చున్న మనిషిని చూస్తే అంబులెన్స్ పిలవాలనిపిస్తుంది. పసుపు బరకం కింద అందరికీ కామెర్లు. మూడోది ఫ్లెక్సీ. ఎవరి పుట్టినరోజు శుభాకాంక్షలైనా, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఏ సినిమా వంద అడుగుల హీరో అయినా, కోచింగ్ సెంటర్ల ర్యాంకులైనా చివరికి చేరేది వంటవాడి నెత్తి మీదికే. తెల్ల వైపు పైకి ఉంటే వేడి తగ్గుతుందని బండివాళ్ల లెక్క. అందుకని బొమ్మ వైపు కిందికి వస్తుంది. తలెత్తి చూస్తే ఎప్పటివో గ్రూప్స్ టాపర్లు వరసగా మన ప్లేట్లోకి తొంగిచూస్తుంటారు.

ఒకబ్బాయి ఎప్పుడూ ఆరో ర్యాంకు కిందే కూర్చుంటాడు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, ప్రశ్నపత్రాలు లీకయ్యాయని రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, హైకోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాశాడు. ప్రభుత్వం మారింది, పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేరులో టీఎస్ పోయి టీజీ వచ్చింది, అతని ఆర్డరు మాత్రం మారలేదు. ఆనియన్ దోసె, కారం తక్కువ.

దీపాల విషయంలో ఈ పందిళ్లు చూడని యుగం లేదు. నా చిన్నప్పుడు మిరపకాయ బజ్జీల బండి మీద కార్బైడ్ దీపం ఉండేది. పైనుంచి నీటిచుక్క పడితే గ్యాసు పుట్టేది, గ్యాసు అంటుకుంటే తెల్లటి మంట, దాంతోపాటు మురిగిన వెల్లుల్లి కంపు. బజ్జీలో అల్లం వెల్లుల్లి లేకున్నా ఉందనుకుని తినేవాళ్లం. తర్వాత పెట్రోమాక్స్. బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ అనే ఆయన పేరు సగం కలుపుకుని పుట్టిన దీపం అది. మన పెళ్లి ఊరేగింపుల్లో నెత్తినెక్కి తిరిగింది. దాని మ్యాంటిల్ ఒకసారి కాలాక మిగిలేది బూడిద గూడే, ఎవడైనా గట్టిగా తుమ్మితే ఆ రాత్రికి వ్యాపారం సమాప్తం. పెట్రోమాక్స్ పోయి పక్క షాపు నుంచి తీగ లాక్కున్న అరవై వాట్ల బల్బు వచ్చింది, దానికి షాపాయనకు రోజూ ఇంతని కట్టాలి. ఆ తర్వాత మెలికల సీఎఫ్ఎల్. ఇప్పుడు ఎల్ఈడీ చార్జింగ్ బల్బు. నీలి ఎల్ఈడీ చేసిపెట్టినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ నీలం లేకపోతే ఇవాళ ఈ తెల్ల వెలుగే లేదు, నిజమే. కానీ కమిటీవాళ్లు బహుమతి ప్రకటించేముందు ఆ చవక తెలుపు కింద పెట్టి సాంబారు ఒకసారి చూడాల్సింది. బూడిద కలిపిన నీళ్లే. చిక్కడపల్లి మార్కెట్లో టమాటాల గంప మీద పచ్చటి వెచ్చని బల్బు ఎందుకు వేలాడుతుందో ఆ టమాటాలమ్మకు తెలుసు.

ఇంతలో హ్యూస్టన్ నుంచి మా మేనల్లుడు దిగాడు. సూట్‌కేసులో చాక్లెట్ల కింద ఒక పెట్టె. అందులో పదహారడుగుల ఎల్ఈడీ పట్టీ, దాన్ని ఆడించే రిమోటు. క్యాంపర్ పందిరికి కట్టే లైట్లట. కొనుక్కుని అడవికి తీసుకెళ్లాడు. అక్కడి నేషనల్ పార్కుల్లో రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. వెలుగు గురించి రూలు ఉందో లేదో గానీ పక్క బండి పెద్దాయన వచ్చి, నక్షత్రాలు చూడ్డానికి ఇంత దూరం వచ్చాను, మీ పందిరి అడ్డొస్తోందని మర్యాదగా చెప్పి పోయాడట. మావాడు లైట్లు ఊడదీసి హైదరాబాద్ పట్టుకొచ్చాడు.

"బాల్కనీకి పెట్టుకో మామా."

మా ఆవిడ వినేసింది. "తులసమ్మకు రంగులు మారే లైట్లా? ఇది ఇల్లా, పబ్బా?"

కాబట్టి ఆ పెట్టె మూడంతస్తులు దిగి దోసె బండి దగ్గరికి చేరింది.

"అన్నా, ఇది పందిరి కోసమే చేసిన లైటు" అన్నాను.

ఆయన అట్లకాడ ఆపి చూశాడు. "మన పందిరి సంగతి అమెరికోళ్లకు ఎట్ల ఎర్కైంది సార్?"

అమెరికా వస్తువంటే ముందు ప్లగ్గు దగ్గరే పంచాయితీ. వాళ్ల ఇళ్లలో 120 వోల్టులు, మన ఇళ్లలో 230. ఇక్కడి గోడకు తగిలించబోయి మాడిపోయిన అమెరికా మిక్సీలు అశోక్ నగర్ అటకల మీద బోలెడున్నాయి. కానీ బండి బ్యాటరీకి వీసా అక్కర్లేదు, అక్కడా ఇక్కడా పన్నెండు వోల్టులే. ఎర్ర తీగ, నల్ల తీగ తగిలిస్తే వెలుగు. అన్న తగిలించబోతుంటే ఆరో ర్యాంకు కిందినుంచి గొంతు వినిపించింది.

"ఆగండన్నా. మీటరుకు పద్నాలుగు వాట్లు, ఐదు మీటర్లకు డెబ్బై. పన్నెండుతో భాగిస్తే ఇంచుమించు ఆరు ఆంపియర్లు. ఐదు గంటలు వెలిగితే ముప్పై ఆంపియర్ అవర్లు. అర్ధరాత్రి మీ ఏస్ స్టార్టవ్వదు."

దోసె మాడింది గానీ లెక్క సరిపోయింది. బ్యాటరీని అడుగంటా వాడితే అది తొందరగా చస్తుంది కూడా. కోఠీ ట్రూప్ బజార్‌లో పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. ఆయన పట్టీ చూసి, పందిరికి ఇందులో సగం చాలన్నాడు. కత్తెర పట్టుకోగానే మేనల్లుడు కెవ్వుమన్నాడు. అసలు ఈ పట్టీల్లో ప్రతి మూడు దీపాలకు ఒక రాగి గీత ఉంటుంది, అక్కడ కోస్తే రెండు ముక్కలూ బతుకుతాయి. ఒక దీపం ముందో వెనకో కోస్తే ఆ మూడూ పోతాయి. ఎలక్ట్రీషియన్ గీత మీదే కోసి, విడిగా ఒక పాత బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు పెట్టి, టీ తాగి పోయాడు. మిగిలిన సగం ముక్కను పునుగుల బండి ఆవిడ ఆ రాత్రే అడిగింది.

వెలిగించగానే రిమోటు అన్న కొడుకు చేతిలో పడింది. ఇంటర్ చదువుతున్నాడు, ఇంకేం చెప్పాలి. ఆకుపచ్చ నొక్కితే కొబ్బరి చట్నీ కొత్తిమీర చట్నీ అయిపోయింది. నీలం నొక్కితే సాంబారు సిరా బుడ్డి. ఊదా నొక్కేసరికి ఇడ్లీలు దేదీప్యమానంగా వెలిగాయి. నారాయణగూడ వైపు నుంచి స్కూటరు మీద వచ్చిన ఒకాయన ఆగి, "ఇవేం ఇడ్లీలు? రాగివా, బీట్‌రూట్‌వా?" అని అడిగాడు. అన్న ఏమాత్రం తడబడకుండా "స్పెషల్ సార్, ప్లేటుకు పది రూపాయలెక్కువ" అన్నాడు. ఆయన రెండు ప్లేట్లు పార్సిల్ కట్టించుకున్నాడు. ఇంటికెళ్లి పొట్లం విప్పాక ఆయన ఏమనుకున్నాడో గానీ మళ్లీ ఈ దారిన కనిపించలేదు.

మెరిసే బటను ఇంకోటుంది. అది నొక్కితే పందిరి మొత్తం బరాత్ అయిపోయింది. సెకండ్ షో వదిలాక సుదర్శన్, దేవి థియేటర్ల వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురు అక్కడే స్టెప్పులేశారు. అన్న ముఖం ముడుచుకున్నాడు. "గిరాకీ వచ్చింది గని తినే గిరాకీ కాదు."

అసలు మార్గం చూపించింది మాత్రం త్యాగరాయ గానసభలో నాటకాలకు లైటింగ్ చేసే ఒక పెద్దాయన. ప్రదర్శన అయ్యాక ఉప్మా కోసం వస్తాడు. పందిరి కింద నిలబడి అటూ ఇటూ చూసి, పట్టీని బండి గోడకు ఎందుకు అంటించారని అడిగాడు. "వెలుగు నీ వెనక ఉంది, నీ నీడ పోయి పెనం మీద పడుతోంది. దోసె ఎర్రబడిందో లేదో నీకే కనబడదు. ముందంచుకు కట్టు, లోపలికి తిప్పు. మొహం మీదికి కిందినుంచి వెలుగు రానివ్వకు, గ్యాసు మంట ఎలాగూ ఇస్తోంది. ఇప్పటికే సగం హిరణ్యకశిపుడివి."

అన్న భార్య మొదటిసారి ఒక మగమనిషి మాటకు తలూపింది.

ముందంచుకు కట్టాక ఇంకో వింత. ఫ్లెక్సీ కిందినుంచి వెలుగు తగిలేసరికి టాపర్లంతా పైకి ప్రకాశించారు. మా మూడో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే ఏడుగురు విజేతలు చీకట్లో తేలుతూ, పేర్లూ ర్యాంకులూ తిరగరాసినట్టు కనిపించారు. ఫీజులు కట్టించుకున్న కోచింగ్ సెంటర్ ఇంత మంచి ప్రచారం ఎప్పుడూ చేసి ఉండదు, అదీ ఉచితంగా.

తొలకరికి ఉసిళ్లు వచ్చాయి. తెల్ల వెలుగు ఎక్కడుంటే అక్కడికి సకుటుంబంగా దిగుతాయవి, తర్వాత రెక్కలు విడిచి పిండిలో స్నానం చేస్తాయి. వెచ్చని పసుపు రంగుకు మారిస్తే పీడ పూర్తిగా పోలేదు, సగానికి పైగా తగ్గింది. క్యాంపర్లవాళ్లు కూడా పురుగులకు ఇదే మందు వాడతారని మేనల్లుడు చెప్పాడు. పసుపు వెలుగులో దోసె కూడా ఎర్రగా, కరకరలాడుతున్నట్టు కనబడింది. రంగుల గొడవ ఆ వానతోనే తీరిపోయింది.

పందిరి మధ్యలో నీళ్లు నిలిచి ఫ్లెక్సీ కుండలా కిందికి దిగింది. చీపురు కట్టెతో పైకి పొడవడం అన్నకు అలవాటు. ఆ నీళ్లు ఎవరి నెత్తిన పడతాయన్నది ఆ రోజు రాశిఫలాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో దీనికి ఒక కాలు పొట్టిగా పెట్టి పందిరిని ఒక మూలకు వాలుస్తారట. అది విని అన్న ఒక గొట్టం కింద ఇటుక తీసేశాడు. ఇక తీగ వెంట చుక్కలు జారి ఫ్యూజు డబ్బాలోకి పోతున్నాయని పట్టుకున్నది వదినమ్మ. తీగను డబ్బా కంటే కిందికి వంపు తిప్పి పైకి తెచ్చింది. చుక్క వంపు దాకా వచ్చి అక్కడే రాలిపోయింది. ఇంజనీర్లు దీన్ని పుస్తకంలో బొమ్మేసి చెబుతారు, ఆమె చేట చెరిగే చేత్తో చేసేసింది.

పట్టీ వెనకున్న జిగురు హ్యూస్టన్ ఎండకు ఆగుతుందేమో, దోసె పొగకు మాత్రం ఆగలేదు. ఒక సాయంత్రం పట్టీ మెల్లగా ఊడి సాంబారు బకెట్ మీదికి వంగింది. పైగా ట్రాఫిక్ వాళ్ల విజిల్ వినిపిస్తే పందిరి నిమిషంలో మడిచెయ్యాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కాగితం మీద అండగా ఉంది గానీ విజిల్ వినపడేటప్పుడు ఆ కాగితం గుర్తుకు రాదు. మడతలో పట్టీ విరుగుతోంది. ఆటో హుడ్లు కుట్టేవాణ్ని అడిగితే ఇంత చిన్న పని చెయ్యనన్నాడు. వదినమ్మ పట్టీని చుట్టచుట్టి చిక్కడపల్లిలో ఫాల్, పీకో కుట్టే షాపుకు తీసుకెళ్లింది. ఆ షాపామె కొలిచి, ఏ చీరకని అడిగిందట. చీర కాదు, లైటుకని చెబితే, "అయినా మ్యాచింగ్ చెప్పాలి కదమ్మా" అంది.

గంధం రంగు ఫాల్‌ను గొట్టంలా కుట్టి, జానెడుకో నాడా పెట్టి ఇచ్చింది. పట్టీని అందులోకి దూర్చి పందిరి గొట్టానికి నాడాలతో ముడేస్తే సరి, విజిల్ వస్తే ముళ్లు లాగి చుట్టేయొచ్చు. గుడ్డ అడ్డుండటంతో దీపాలు చుక్కలు చుక్కలుగా కళ్లలో పొడవడం మానేసి ఒకే వెలుగు పరుచుకుంది. గానసభ పెద్దాయన చూసి, ఇంత మెత్తటి లైటు తన నాటకాలకు ఏనాడూ దొరకలేదని వాపోయి, షాపు ఎక్కడో అడిగి తెలుసుకున్నాడు.

మేనల్లుడు హ్యూస్టన్ వెళ్లాక వీడియో కాల్ చేశాడు. ఫోను పందిరి వైపు తిప్పాను. పక్కన పునుగుల బండికి మిగతా సగం వెలుగుతోంది, దానికి ఆకుపచ్చ ఫాల్. ఇంకో నాలుగు బండ్లవాళ్లు ఫోన్లో తలలు పెట్టారు.

"బాబూ, మళ్లెప్పుడొస్తున్నవ్?" అన్నాడు అన్న.

"డిసెంబర్లో అన్నా. ఏమైనా తేవాలా?"

"అదే లైటు, ఆరు డబ్బాలు."

వెనక నుంచి వదినమ్మ అందుకుంది. "రిమోట్లు మాత్రం అక్కడ్నే పారేసి రమ్మను."