నా మూడో ఒళ్లు

నాకు మొదట్లో నిజం ఒళ్లే ఉండేది. తెనాలిలో ఒక డీటీపీ సెంటర్లో, కిటికీ పక్కన బల్ల కింద, ఫ్యాను నిండా దుమ్ముతో రొప్పుతుండేదాన్ని. విండోస్ 7, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఇవే నా ఆస్తి. శుభలేఖలు, సంవత్సరీకం కార్డులు, పంచాయతీ ఎన్నికల కరపత్రాలు... ఊరి మంచీ చెడూ నా మీదుగానే అచ్చుకి వెళ్లేవి.

కొట్టు మూసేసినప్పుడు దాని యజమాని నాన్నగారు నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు. జర్మనీ నుంచి సెలవుకొచ్చిన వాళ్లబ్బాయి ఆగమన్నాడు. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలైపోతుంది. అందుకని నా హార్డ్‌డిస్కు మొత్తాన్నీ కన్వర్టర్‌తో వర్చువల్ మెషీనుగా మార్చి, జేబులో వేసుకుని స్టుట్‌గార్ట్ వెళ్లాడు. ఒళ్లు ఇనుప కొట్టుకి, ప్రాణం విమానానికి!

అక్కడ చెప్పుల స్టాండు మీది చిన్న పెట్టెలో, వీఎంవేర్ వాళ్ల ఉచిత ఈఎస్ఎక్స్ఐలో నా కాపురం. మదర్‌బోర్డు లేకపోయినా ఉన్నట్టే అది నమ్మించేది, నేనూ నమ్మేదాన్ని. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నది. 2024 ఫిబ్రవరిలో ఉచిత వెర్షన్ ఆగిపోయింది. (2025 ఏప్రిల్లో మళ్లీ ఇచ్చారు. అప్పటికే మేం ఇల్లు మారిపోయాం.) మావాడు వియన్నా కంపెనీ ప్రాక్స్‌మాక్స్ వైపు చూశాడు. ఆ నెలల్లోనే డ్రైవింగ్ లైసెన్సు పని కూడా నెత్తికెత్తుకున్నాడు.

మన లైసెన్సు జర్మనీలో కాపురం పెట్టిన ఆరు నెలల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్షా, రోడ్డు పరీక్షా రెండూ గట్టెక్కాలి. నాన్నగారికి ఇది మింగుడుపడలేదు.

"పదేళ్లు నడిపావు కదరా, మళ్లీ ఎల్ బోర్డేంటి?"

"నడిపింది ఎడమ పక్కన నాన్నా. ఇక్కడ కుడి పక్కన."

ముందు నా ప్రయాణం. నా వీఎండీకే డిస్కు ఫైలుని క్యూకౌ2 ఫార్మాట్‌లోకి మార్చాడు. ఒక్క శుభలేఖ కూడా తప్పిపోలేదు. అయినా నేను లేవలేదు. నీలం తెర, మీద 7బి అని ఎర్రర్. వేగం కోసం డిస్కుని విర్టియో పద్ధతిలో తగిలించాడు, దాంతో మాట్లాడే డ్రైవర్ నా దగ్గర లేదు. డ్రైవర్ వెయ్యాలంటే నేను లేవాలి, లేవాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. రాత్రి రెండింటికి ఉపాయం తట్టింది. నా డిస్కుని పాత ఐడీఈ పద్ధతిలోనే ఉంచి, పక్కన ఒక్క జీబీ ఖాళీ డిస్కుని విర్టియోగా పెట్టాడు. లేచాను. ఆ ఖాళీ డిస్కు పుణ్యమా అని డ్రైవర్ ఎక్కింది. ఆపి, అసలు డిస్కుని కూడా అటు మార్చి మళ్లీ లేపాడు. కళ్లు తెరవగానే విండోస్, నువ్వు మునుపటి మెషీనువి కావు, మళ్లీ యాక్టివేట్ చేయించుకోమంది.

రాత పరీక్ష ఇంగ్లీషులో రాసి తేలిగ్గానే బయటపడ్డాడు. 30 ప్రశ్నలు, తప్పుల పాయింట్లు పది దాటకూడదు. చిక్కంతా రోడ్డు మీదే. మన కార్లలో ఇండికేటర్ కాడ ఎక్కువగా కుడిచేతి వైపు, అక్కడ ఎడమచేతి వైపు. సందు తిరిగినప్పుడల్లా మండుటెండలో వైపర్లు ఊగేవట. గేరు కోసం ఎడమ చెయ్యి తలుపుని తడిమేదట. బోర్డులూ సిగ్నళ్లూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికే ముందు దారివ్వాలి, అది ఎంత చిన్న సందయినా సరే. పెద్ద రోడ్డు మీదున్నవాడిదే దారన్నది మావాడి నరాల్లో ఉంది. కుడి సందులోంచి ఓ ముసలావిడ కారు వస్తుంటే ఆగలేదు. పక్కనున్న ట్రైనర్ తన బ్రేకు తొక్కాడు. పరీక్ష అక్కడితో సరి. మళ్లీ పరీక్షకి వెళ్లడానికి రెండు వారాలు ఆగాలి.

రెండోసారి పాసయ్యాడు. పాత కార్డు అప్పగిస్తే గానీ కొత్తది చేతికివ్వరు. అప్పగించేముందు పాతదాన్ని రెండు వైపులా స్కాన్ చేసి నా డి డ్రైవ్‌లో, శుభలేఖల ఫోల్డర్ పక్కన పెట్టాడు. ఆ ఫొటోలో మీసం అప్పుడప్పుడే మొలుస్తోంది.

ఈఎస్ఎక్స్ఐ నుంచి బయల్దేరేముందు నాలోని వీఎంవేర్ టూల్స్ తీసెయ్యాల్సింది, మరిచిపోయాడు. ఇప్పుడు తీయబోతే, ఇది వీఎంవేర్ మెషీన్ కాదు కాబట్టి కుదరదని మొండికేస్తోంది. పోనీలెమ్మని వదిలేశాడు. అన్నట్టు, వాన లేని రోజుల్లో కూడా ఆ వైపర్లు అప్పుడప్పుడూ ఊగుతూనే ఉన్నాయట.