నాలుగు బోర్ల నడుమ నేను

నేను బోరింగును. నార్కట్‌పల్లి దాటి అద్దంకి రోడ్డు పట్టి వస్తే, చెరువుగట్టు గుట్ట కనిపించే మేరలో ఒక చిన్న వాడ ఉంది. ఆ వాడకు నడుమ, సిమెంటు గద్దె మీద నిలబడి ఉన్నాను.

కరువు ఏటి బిడ్డను నేను. చేదబావులు అడుగంటినప్పుడు రిగ్గు లారీ వచ్చి నన్ను తవ్వింది. మొదట ఎర్రమట్టి లేచింది, తర్వాత మొరం, ఆ తర్వాత తెల్లటి రాతిపొడి. మొరం ఉన్నంతవరకే కేసింగ్ పైపు దింపారు. అక్కడి నుంచి కిందికి నా గోడలన్నీ వట్టి రాయే. ఆ రాతిలో ఒక పగులు తగిలి నీళ్లు పైకి చిమ్మినప్పుడు ఆడోళ్లు బిందెలతో ఉరికొచ్చారు. నాకున్న నీళ్లన్నీ ఆ పగులువే. వాటిలోని ఫ్లోరైడ్ కూడా అక్కడిదే.

మా నల్లగొండ గ్రానైట్‌లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలున్నాయి. వాటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఏళ్ల తరబడి ఆ రాతిని అంటుకొని కదలకుండా ఉంటే, అందులో కాల్షియం తగ్గి బైకార్బొనేట్ పెరిగితే, ఫ్లోరైడ్ కరిగి నీటిలోకి దిగుతుంది. రుచి మారదు, రంగు మారదు. ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్లు గడిచాక నడుము వంగదు, మెడ తిరగదు. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందిస్తే, దానికి మా జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది.

ఒక ఏడు జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కడెంత ఉందో చూపే పటం ఒకటి గీశారు. ఊరికొక బోరు చొప్పున నీళ్లు పట్టుకెళ్లి పరీక్షించారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. చేతిలో ఉన్నవి చెదురుమదురు చుక్కలు. కావలసింది జిల్లా అంతటా ఖాళీ లేని రంగు. అందుకని పటం మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసి గళ్లు చేశారు. ఒక్కో గడి మూలకు చుట్టుపక్కల బోర్ల విలువలను బట్టి ఒక అంకె కట్టారు. దగ్గరి బోరు మాటకు ఎక్కువ బరువు, దూరపు బోరుకు తక్కువ. దూరం పెరిగినకొద్దీ బరువు తగ్గించే ఈ లెక్కను 1968లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ షెపర్డ్ ప్రకటించాడు. మన వాతావరణ శాఖ దేశమంతటి వానలను పావు డిగ్రీ గళ్లలోకి సర్దేదీ ఈ పద్ధతితోనే.

గడి లోపల ఉన్నవారికి విలువ ఎలా వస్తుందో, నేనున్న గడినే తీసుకొని చెబుతాను. కింది రెండు మూలల్లో ఫ్లోరైడ్ లీటరుకు 0.8, 1.2 మిల్లీగ్రాములు అనుకోండి. పై రెండు మూలల్లో 1.0, 1.6. ఎడమ నుంచి కుడికి పావు వంతు దూరంలో, కింద నుంచి పైకి సగం ఎత్తులో నేనున్నాను. ముందు కింది గీత మీద పావు వంతు నడిస్తే 0.9 వస్తుంది. పై గీత మీద అంతే నడిస్తే 1.15. ఈ రెంటి నడుమ సగానికి వస్తే 1.025. తాగునీటికి భారత ప్రమాణం 1.0, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఆ లెక్కన నేను తాగదగిన బోరింగును. పటంలో నా చోట పచ్చరంగు పడింది.

కూడికలో తప్పేమీ లేదు. అయితే ఈ పద్ధతికి ఒక గుణం ఉంది. ఎత్తులు వేరువేరుగా ఉన్న నాలుగు గుంజలకు గుడ్డ బిగించి కడితే, నడుమ ఎక్కడా అది అన్నిటికన్నా పొడుగు గుంజను మించి లేవదు. ఈ లెక్కా అంతే. నాలుగు మూలల్లో పెద్ద అంకె 1.6 అయితే, ఆ గడిలో ఎక్కడ అడిగినా 1.6 దాటి జవాబు రాదు. నా నీళ్లలో 3కు పైనే ఉంది. ఎన్నిసార్లు లెక్క వేసినా నేను దొరికేదాన్ని కాను.

నిజం చివరికి ఒక పరీక్ష సీసాలో బయటపడింది. తాగొద్దని గుర్తు వేయడానికి ఎర్రరంగు డబ్బా పట్టుకొని ఒక పిల్లగాడు వచ్చాడు. నా దగ్గర రోజూ నీళ్లు పట్టే ముసలమ్మ అడ్డం నిలబడింది.

"పటంల పచ్చగున్నదని చెప్తిరి గద బిడ్డా, మల్ల ఎర్రరంగు ఎందుకేస్తున్నవు?"

"చుట్టుపక్కల బోర్ల లెక్క తీసి నడుమ నింపిండ్రు అవ్వా. గీ బోరింగు నీళ్లు అప్పుడు ఎవ్వలు పట్టలే."

"మరి ఇన్నేండ్లు మేం తాగినయి?"

వాడు బదులు చెప్పలేక కుంచె ముంచాడు. ఆమె నడుము అప్పటికే వంగడం మానేసింది. బిందె నెత్తికెత్తుకోవాలంటే మనవరాలు సాయం పట్టాల్సిందే.

లెక్క తప్పు పట్టను. ఎక్కడ పనికొస్తుందో అక్కడ అది గొప్ప సాధనం. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ నేలలో మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఫ్రెంచి వారితో కలిసి భూగర్భ జలాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. నీటిమట్టాలను క్రిగింగ్ అనే పద్ధతిలో పటాలుగా గీశారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల ఇంజినీరు డానీ క్రిగే 1951లో వేసిన పునాది మీద ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్ కట్టిన పద్ధతి అది. నీటిమట్టం సాధారణంగా నేల వాలును అనుసరించి మెల్లగా మారుతుంది. కనుక నడుమ విలువ ఊహకు చాలావరకు అందుతుంది. ఫ్లోరైడ్ అలా కాదు. చెరువు నీరు ఇంకి చేరే పగులులో ఒక తీరు, ఏ నీరూ కదలని పగులులో ఇంకో తీరు. నాకూ పక్క వాడ బోరుకూ పైన కొద్ది దూరమే. కింద మా పగుళ్లు కలవవు.

క్రిగింగ్‌లో నాకు నచ్చింది ఒకటుంది. అది విలువతో పాటు, ఆ విలువను ఎంతవరకు నమ్మవచ్చో ఇంకో అంకె ఇస్తుంది. కొలిచిన బోర్లకు దూరంగా పోయినకొద్దీ ఆ అనుమానపు అంకె పెరుగుతుంది. పక్కపక్క బోర్ల విలువలు ఒక్కసారిగా ఎగిరిపడే నేలలో మొదటి అడుగు నుంచే పెద్దదిగా ఉంటుంది. ఊరి గోడ మీద అతికించే పటంలో మాత్రం ఆ రెండో అంకె కనిపించదు. రంగు ఒక్కటే కనిపిస్తుంది. కొలిచిన చుక్కకూ ఊహించిన చోటుకూ ఒకే రంగు వేయడమే మాకు అన్యాయం చేసింది. నింపిన పటం తరువాతి పరీక్ష ఎక్కడ చేయాలో చెప్పడానికే పనికొస్తుంది. ఏ నీళ్లు తాగాలో చెప్పే హక్కు దానికి లేదు.

2015 జూన్‌లో, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వెలిసింది. ఆ తర్వాత మా వాడకూ నల్లా నీళ్లు వచ్చాయి. ఇప్పుడు నా దగ్గర బట్టలు ఉతుకుతారు, బండ్లు కడుగుతారు. నల్లా రాని రోజున మాత్రం కొందరు బిందె తెచ్చి నా ఎర్రరంగు వైపు చూసి ఆగుతారు. చేనుకాడ కొత్త బోరు వేసినవాళ్లు, పక్క బోరు మంచిదే కదా అని పరీక్ష చేయించకుండానే తాగుతున్నారు.

వాళ్లకూ మీకూ ఒకటే చెబుతున్నాను. మీ బోరు నీళ్లను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. గాజు సీసా వద్దు. నీటి పరీక్షల ల్యాబుకు పంపించి, ఫ్లోరైడ్ ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఆ నీళ్లు పిల్లలకు తాపకండి.